మొక్కజొన్న కవర్లో నిమ్మమొక్క

మధ్యాహ్నం చివరి పీరియడ్. ఆరో తరగతి పిల్లలంతా బడి వెనక గోడ పక్కన గుమిగూడి ఉన్నారు. తూనీగ చేతులకు మోచేతుల దాకా మట్టి. జడ రిబ్బన్‌కి కూడా మట్టే.

తూనీగ అసలు పేరు హాజరుపట్టీలో భద్రంగా ఉంది. దాన్ని అక్కడి నుంచి ఎవరూ కదిలించరు. ఒకచోట రెండు నిమిషాలు నిలవదని, చెప్పే మాట పూర్తి కాకముందే తుర్రుమంటుందని వాళ్ళ పిన్ని చిన్నప్పుడు పెట్టిన పేరు ఇది. ఇంట్లో పుట్టిన ఆ పేరు వీధిలోకి, వీధిలోంచి బడిలోకి దానంతట అదే నడిచొచ్చేసింది.

గోడ పొడుగునా పద్దెనిమిది గుంతలు తవ్వి ఉన్నాయి. ఒక్కో గుంత పక్కన ఒక్కో నిమ్మమొక్క ఆకుపచ్చ కవర్లో నిలబడి ఉంది. కవర్ మీద తెల్లటి ఆకు బొమ్మ.

ఆ మొక్కల్ని పెంచింది బడి తోటమాలి, తోట తాత. పిల్లలందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. కిందటేడు ఆయన తరగతికి వచ్చి, ఇంటి నుంచి తలా ఒక నిమ్మగింజ తెమ్మన్నాడు. ముప్పై నాలుగు గింజలు వచ్చాయి. పద్దెనిమిది మొలిచాయి. సెలవుల్లో బడికి తాళం వేసి ఉన్నా తాత మాత్రం రోజూ వచ్చి నీళ్ళు పోశాడు. అంత చేసి కూడా ఎప్పుడు మాట్లాడినా "మీ మొక్కలు" అంటాడే తప్ప నా మొక్కలు అనడు.

ఆ గోడ పక్కన ఇన్నేళ్ళూ పిచ్చిగడ్డి తప్ప ఏమీ పెరగలేదు. అక్కడ పచ్చటి వరస ఒకటి చూడాలని తాత కోరిక. వచ్చే ఏడాదితో ఆయన ఉద్యోగం అయిపోతుంది.

కానీ సరిగ్గా నాటే రోజున తాత లేడు. కంటికి ఆపరేషన్. ముందురోజే తరగతికి వచ్చి, మూడు వేళ్ళు చూపించి మరీ చెప్పి వెళ్ళాడు.

"ఒకటి, ముందు నీళ్ళు పోసి తడపండి. రెండు, కవర్ కోసి తీసెయ్యండి. మూడు, మట్టిముద్ద చెదరకుండా గుంతలో దించండి. అంతే. మిగతాది మొక్క చూసుకుంటుంది."

ఒకటో వేలు పని అయిపోయింది. రెండో వేలు దగ్గరే చిక్కొచ్చి పడింది. తరగతికంతా కలిపి ఉన్నది ఒకే కత్తెర, అది కూడా మొద్దుబారింది. బెల్లుకు ఇంకా అరగంటే ఉంది. సైన్స్ టీచర్ గడియారం వంక చూస్తూ, కత్తెర వంక చూస్తూ నిలబడింది.

"అసలు కొయ్యక్కర్లేదు!" అంది తూనీగ.

అందరూ ఆమె వైపు తిరిగారు. అలా తిరిగితే తూనీగకు ఎంత ఇష్టమో!

"తాత కొయ్యమన్నాడుగా. రెండో వేలు," అన్నాడు లెక్కలు. మెట్లు ఎక్కుతూ కూడా లెక్కపెట్టే అబ్బాయి కాబట్టి వాడికి ఆ పేరు.

"ఈ కవర్ సంగతి తాతకి తెలీదు. ఇది మామూలు ప్లాస్టిక్ కాదు. మొక్కజొన్నతో చేసింది. మట్టిలో పెడితే అదే మట్టయిపోతుంది. మా పిన్ని ఫ్యాక్టరీలోదే. కట్ట తెచ్చి తాతకిచ్చింది నేనేగా!"

"మీ పిన్నే చెప్పిందా?" అని అడిగింది టీచర్.

"చెప్పింది టీచర్. నాకు తెలుసు."

పిన్ని చెప్పిన మాట నిజమే. ఎంత చెప్పింది, తూనీగ అందులో ఎంత విన్నది అన్నదే అసలు సంగతి. కవర్ల కట్ట ఇచ్చిన రోజు తూనీగ ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో చెప్పు కోసం మంచం కింద వెతుకుతోంది. బయట ఆట మొదలైపోయింది. "ఇవి మొక్కజొన్నతో చేసినవే. మట్టిలో కలిసిపోతాయి. అయితే..." అంటోంది పిన్ని. ఆ 'అయితే' గుమ్మం దాటేసరికి తూనీగ వీధి మలుపు దాటేసింది.

టీచర్ ఇంకోసారి గడియారం చూసింది. "సరే, అలాగే పెట్టెయ్యండి," అంది.

పిల్లలు హుషారుగా పనిలో పడ్డారు. పద్దెనిమిది మొక్కలూ కవర్లతో సహా గుంతల్లో దిగాయి. కవర్ల అంచులు పైకి తేలి వికారంగా కనిపించాయి. దానికి కూడా తూనీగే ఉపాయం చెప్పింది. "అంచులు మొక్క మొదట్లోకి మడిచేసి, పైన మట్టి కప్పేద్దాం!"

బెల్లు కొట్టేలోపు పని పూర్తయింది. ఎంత అందంగా ఉందో ఆ వరస! టీచర్ తూనీగ భుజం తట్టింది. ఇంటికి వెళ్ళేదాకా తూనీగ కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఎనిమిది రోజుల తర్వాత తాత వచ్చాడు, నల్లకళ్ళద్దాలతో. నెల రోజులు వంగకూడదని, బరువులు ఎత్తకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట. గోడ వెంట మెల్లగా నడుస్తూ, చేతికి అందిన ఆకులు తడుముతూ వెళ్ళాడు. ఒక ఆకు నలిపి వాసన చూశాడు.

"బాగా నాటార్రా," అన్నాడు. ఆ ఒక్క మాటకే పిల్లలందరూ పొంగిపోయారు.

కవర్లు తీశారా అని ఆయన అడగలేదు. పిల్లలకు ఒక మాట చెప్పాడంటే అది జరిగిపోయినట్టే ఆయనకు. కొయ్యలేదని ఎవరూ చెప్పలేదు కూడా. దాచాలని కాదు. అదొక చెప్పాల్సిన సంగతే అనుకోలేదు.

మూడో వారంలో ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. ముందు ఈ చివర ఒకటి, ఆ చివర రెండు. తర్వాత వరసంతా. ఎండలు ముదిరాయేమో అనుకుని పిల్లలు రెండు పూటలా నీళ్ళు పోశారు. పైమట్టి తడిగానే ఉంది. ఆకులు మాత్రం రాలుతూనే ఉన్నాయి.

ఒకరోజు ఇంటర్వెల్‌లో తాత తూనీగను పిలిచాడు.

"ఇలా రా తల్లీ. నా కళ్ళింకా మసకే. వంగితే డాక్టరమ్మ ఊరుకోదు. నీ వేలు పెట్టి చూసి చెప్పు, లోపల ఎలా ఉందో."

తూనీగ మోకాళ్ళ మీద కూర్చుని మొక్క మొదట్లో వేలు దించింది. వేలు జారింది. నున్నగా ఏదో తగిలింది. మట్టి కాస్త గీకి చూసింది.

కవర్. ఆకుపచ్చ కవర్. ఎక్కడా చిరగలేదు, మెత్తబడలేదు. మీద తెల్ల ఆకు బొమ్మ నిన్న అచ్చువేసినట్టు మెరుస్తోంది. మడత కొంచెం ఎత్తింది. లోపలి మట్టి బిస్కెట్ పొడిలా ఎండిపోయి ఉంది. ఇన్నాళ్ళూ పోసిన నీళ్ళన్నీ కవర్ మీద నుంచి జారి పక్కకు పోయాయి. మొక్కకు చుక్క కూడా అందలేదు.

తూనీగ మడత వదిలేసింది.

"ఏమ్మా, ఎలా ఉంది?" అన్నాడు తాత పైనుంచి.

"బాగానే ఉంది తాతా. తడిగా ఉంది."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. నోట్లోంచి జారిపోయింది. చేతులు వాటంతట అవే మట్టిని మళ్ళీ కప్పేశాయి.

తాత తల ఊపాడు.

"అయితే తప్పు నాదేనమ్మా," అన్నాడు. "ఈ గుంతల మట్టి చూపు సరిగా ఆననప్పుడు కలిపాను. ఎరువు ఎక్కువైనట్టుంది. పాపం, వేళ్ళు మాడిపోతున్నాయి."

తూనీగ లేచి నిలబడింది. కాదు తాతా అనాలి. ఒక్క ముక్క చాలు. కానీ 'నాకు తెలుసు' అని అందరి ముందూ అంత గొప్పగా చెప్పిన నోటితో ఇప్పుడు ఆ ముక్క ఎలా చెప్పడం? బెల్లు కొట్టింది. తూనీగ తరగతిలోకి పరిగెత్తింది.

ఆ రోజంతా, మర్నాడంతా ఆమె తేలుకుట్టిన దొంగలా తిరిగింది. మంచినీళ్ళ సీసా తీసుకెళ్ళి ఎవరూ చూడకుండా ఒక మొక్కకు పోసింది. నీళ్ళు కవర్ మీద నుంచి జారి పక్కకు పోయాయి. ఇంకో సీసా పోసింది. అవీ పోయాయి. లెక్కలు మాత్రం రోజూ పొద్దున్నే వరస లెక్కపెట్టి వచ్చి చెప్పేవాడు. "ఇవాళ్టికి ఏడు పూర్తిగా ఎండిపోయాయి." మర్నాడు, "ఎనిమిది." ఆ లెక్క వినకుండా చెవులు మూసుకోవాలనిపించేది తూనీగకు.

మూడో రోజు సాయంత్రం హాజరుపట్టీ ఇవ్వడానికి పెద్ద టీచర్ గదికి వెళ్ళింది. లోపల తాత గొంతు వినిపించి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఈ ఏడాది గింజలు పెట్టనమ్మా," అంటున్నాడు తాత. "వేరే ఎవరికైనా చెప్పండి. నా చేతి కొలత పోయింది. పిల్లలు ఇళ్ళ నుంచి తెచ్చిన గింజలు, ఏడాది చూసుకుని చివరికి నేనే చంపుకున్నాను."

"అలా అనకండి తాతగారూ," అంటోంది పెద్ద టీచర్.

"ఉన్నమాటే అంటున్నాను."

తూనీగ హాజరుపట్టీ గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టి వచ్చేసింది. దారి పొడుగునా ఏడుపు వస్తూనే ఉంది.

పిన్ని అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చి, వంటగదిలో టిఫిన్ బాక్స్ కడుక్కుంటోంది. తూనీగ వెళ్ళి పక్కన నిలబడింది. నిలబడే ఉంది. పిన్నికి అదే వింతగా తోచింది.

"ఏమే, కదలకుండా నిలబడ్డావు? ఒంట్లో బాగోలేదా?"

"పిన్నీ, ఆ రోజు కవర్ల గురించి నువ్వు 'అయితే' అన్నావు. ఆ తర్వాత ఏమన్నావు?"

పిన్ని తిరిగి చూసింది. ఆ ముఖం చూసి, పంపు కట్టేసి, చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది.

"మొక్కజొన్న పిండిని చక్కెర చేస్తారు. చక్కెరని పులియబెడతారు. దాంతో గింజల్లాంటి ప్లాస్టిక్ తయారవుతుంది. ఆ గింజలు మా దగ్గరికొస్తాయి. వాటిని కరిగించి, బెలూన్‌లా గాలి ఊది, కవర్లు చేస్తాం. అక్కడిదాకా నీకు తెలుసు."

"మట్టిలో కలిసిపోతాయి అన్నావు."

"అయితే మామూలు మట్టిలో కాదు. ఫ్యాక్టరీ వెనక పెద్ద కుప్ప ఉంటుంది, చెత్తని కుళ్ళబెట్టేది. చెయ్యి పెడితే కాలేంత వేడి. ఆ వేడిలో వారాల తరబడి ఉంటే కలిసిపోతాయి. వేరే రకాలున్నాయి, పెరటి మట్టిలో కూడా కుళ్ళిపోతాయి. మావి అలాంటివి కావు. ఉత్త మట్టిలో పెడితే ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. ఇదంతా చెప్పాను. గోడకి చెప్పినట్టుంది." పిన్ని ఆగింది. "ఏం చేశావే?"

తూనీగ చెప్పింది. కత్తెర సంగతి, మడతల సంగతి, వేలు పెట్టి చూసిన సంగతి. 'తడిగా ఉంది' అన్న దగ్గరికి వచ్చేసరికి తల దించుకుంది. అయినా ఆపకుండా చెప్పింది. తాత గదిలో అన్న మాటలు చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది.

పిన్ని తిట్టలేదు.

"కవర్ మీద ఆకు బొమ్మ వేస్తాం కదా, దాన్ని చూసి పెద్దవాళ్ళే పొరపాటు పడతారు. బొమ్మ వేసినవాళ్ళం కింద నాలుగు మాటలు కూడా వెయ్యాలి. అది మా తప్పు," అంది. "కానీ తాతతో అన్న మాట మాత్రం నీదే."

"అవును."

"ఇప్పుడైనా కవర్లు తీస్తే కొన్ని బతకొచ్చు. రేపు నేను రానా నీతో?"

తూనీగ ముక్కు తుడుచుకుంది. "వద్దు. నేనే చెప్తాను."

మర్నాడు బడి గేటు తెరిచేసరికి తూనీగ అక్కడ ఉంది. తాత గోడ దగ్గర రాలిన ఆకుల వంక చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆమె దగ్గరికి వెళ్ళింది. దారంతా కూడదీసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"తాతా, మట్టి బాగానే కలిపావు. కవర్లు మేం తియ్యలేదు. తియ్యక్కర్లేదని అందరికీ నేనే చెప్పాను."

తాత నల్లకళ్ళద్దాలు తీశాడు. ఒక కన్ను ఇంకా ఎర్రగానే ఉంది.

"మొన్న వేలు పెట్టి చూశావు. అప్పుడు తెలిసిందా?"

ఆ ప్రశ్న ఆమె ఊహించలేదు. అబద్ధం మళ్ళీ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"తెలిసింది తాతా. లోపల పొడిగా ఉంది. తడిగా ఉందని చెప్పాను."

తాత అద్దాలు చొక్కా కొసతో తుడుచుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది తూనీగకు.

"నాలుగు రోజుల నుంచి నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు. వేళాకోళంలా ఉంది గానీ ఆయన నవ్వలేదు. "సరే. మీ టీచర్ని పిలు. కత్తెర కూడా తీసుకురా."

మొదటి పీరియడ్ తోటలోనే గడిచింది. తూనీగ అందరి ముందూ మరోసారి చెప్పింది. "మీ పిన్నిని నేను కనుక్కోవాల్సింది, తొందరపడ్డాను," అంది టీచర్ మెల్లగా, తాత వంక చూడలేక. లెక్కలు 'నేను చెప్పలేదూ' అని అనలేదు. అది వాడి మంచితనం.

తాతకు ఒక స్టూలు వేశారు. పిల్లలు ఒక్కో మొక్కను తవ్వి, కవర్ కోసి, మట్టిముద్దను ఆయన చేతుల్లో పెట్టారు. ఆయన కళ్ళు మూసుకుని మొక్క వేళ్ళను తడిమేవాడు. కవర్ లోపల దారి దొరక్క వేళ్ళు గుండ్రంగా చుట్టుకుపోయి ఉన్నాయి.

"ఇది పోయింది," అనేవాడు. "ఇది పోయింది. ఇందులో జీవం ఉంది, నీళ్ళ బకెట్లో పెట్టండి. ఇది..." ఒక మొక్క దగ్గర ఆగాడు. "ఇది నిన్నో మొన్నో పోయింది. వేరింకా మెత్తగానే ఉంది."

ఆ మాట అనేటప్పుడు ఆయన తూనీగ వైపు చూడలేదు. చూడక్కర్లేదు కూడా. మూడు రోజుల కిందట ఆ మొక్క బతికే ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఈసారి నిజంగానే తెలుసు.

అలాంటివి మూడు వచ్చాయి. మొత్తం పదకొండు పోయాయి. ఏడు మిగిలాయి.

శనివారం పిన్ని బడికి వచ్చింది. పద్దెనిమిది కవర్లనూ కడిగి మూటకట్టి, ఫ్యాక్టరీ వెనక వేడికుప్పలో వేయడానికి తీసుకెళ్ళింది. కవర్ మీద నాలుగు మాటలు అచ్చువేయమని మేనేజర్ని అడుగుతానంది. ఆయన ఒప్పుకుంటాడో లేదో తెలియదంది.

రెండు నెలలు గడిచాయి. తాత నల్లకళ్ళద్దాలు తీసేశాడు. ఇప్పుడు వంగుతున్నాడు, బకెట్లు మోస్తున్నాడు. గింజలు పెడతాడో లేదో మాత్రం ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఏడు మొక్కలు గోడ పక్కన అక్కడొకటి ఇక్కడొకటి నిలబడ్డాయి. మధ్యలో పదకొండు గుంతలు ఖాళీగానే ఉన్నాయి. అటు వెళ్ళినప్పుడల్లా తూనీగ ఆ గుంతల దగ్గర కొంచెం నెమ్మదిగా నడుస్తుంది.

ఒకరోజు ఇంటర్వెల్‌లో తాత కేకేశాడు. "తూనీగా, ఇలా రా. చివరి మొక్క ఎందుకో దిగాలుగా ఉంది. నీ వేలు పెట్టి చూసి చెప్పు."

ఆయన కళ్ళు ఇప్పుడు బాగానే కనిపిస్తాయి. అయినా పిలిచాడు.

తూనీగ మోకాళ్ళ మీద కూర్చుంది. మొక్క మొదట్లో మట్టిని రెండు చేతులతో మెల్లగా పక్కకు తీసింది. తల వంచి చూసింది. వేలితో తడిమి మళ్ళీ చూసింది. అవతల ఆట మొదలైంది, ఎవరో ఆమెను పిలిచారు. ఆమె తల ఎత్తలేదు.

"బాగాలేదు తాతా," అంది. "ఒక వేరు నల్లబడింది."

"ఎంత పొడుగు?"

"నా వేలంత. మిగతావి తెల్లగానే ఉన్నాయి. రెండోవైపు ఇంకా చూడలేదు, అటు నాకు తెలీదు."

తాత ఆమె వంక కాసేపు చూశాడు.

"అయితే కత్తెర కావాలి," అన్నాడు.

తూనీగ చటుక్కున లేచి రెండడుగులు పరిగెత్తింది. ఆగింది. వెనక్కి వచ్చింది.

"ఇంకా ఏమైనా చెప్పాలా తాతా?"

"చెప్పాలి," అన్నాడు తాత. "చాలా ఉంది. కూర్చో."

తూనీగ కూర్చుంది.